మొలతాటి ఉంగరం

లోకంలో మగవాళ్ళు పెళ్ళి ఉంగరం వేలికి పెట్టుకుంటారు. నేను మొలకి కట్టుకున్నాను.

ఇందులో నా వింత బుద్ధి ఏమీ లేదు. స్టీల్ ప్లాంటులో మాది రోలింగ్ మిల్లు. తిరిగే యంత్రాల దగ్గర వేలికి ఉంగరం ఉండకూడదు. యంత్రం ఉంగరాన్ని పట్టుకుందంటే ఉంగరంతో సరిపెట్టుకోదు, వేలిని కూడా ప్రసాదంలా తీసుకుంటుంది. పెళ్ళి సెలవు ముగించుకుని డ్యూటీకి వెళ్ళిన రోజే మా సీనియర్ ఒకాయన నా చేతికేసి చూసి, "ఏటోయ్ పెళ్ళికొడకా, యేలు మీద ఆశ లేదేటి? తీసి మొలతాడుకి కట్టుకో," అన్నాడు. మా మిల్లులో చాలామంది మొగుళ్ళ ఉంగరాలు అలా నడుముల్లోనే కాపురం చేశాయి.

మొదట్లో డ్యూటీ దిగగానే విప్పి వేలికి పెట్టుకునేవాణ్ణి. తర్వాత ఆదివారాలు మాత్రం. ఆ తర్వాత చుట్టాల పెళ్ళిళ్ళకి. పోనుపోను ఉంగరానికి వేలి మొహం, వేలికి ఉంగరం మొహం మరుపున పడిపోయాయి. ఈలోగా వేలు లావెక్కింది. నడుమూ లావెక్కిందనుకోండి, కాని మొలతాడుని పొడుగు చేసుకోవచ్చు.

బంగారం అరుగుతుందని నాకు తెలీదు. ఇనుము అరగడం చూశాను. మిల్లులో ఏనుగంత ఇనుప రోలర్లు అరిగి మూల పడటం చూశాను. బంగారం మాత్రం దేవతల జాతి, దానికి ముసలితనం ఉండదనుకున్నాను. పాతికేళ్ళుగా ఒకవైపు మొలతాడు, ఇంకోవైపు బెల్టు, పైనుంచి నా పొట్ట. ఆ పొట్ట ఒత్తిడి ముందు మా మిల్లులో పెద్ద యంత్రం కూడా చిన్నపిల్లే. పాపం ఉంగరం ఏం చేస్తుంది? ఒక పక్క తదియ చంద్రుడైంది, రెండో పక్క వెంట్రుకైంది. ఏ దోమైనా సరదా పడితే వడ్డాణంగా పెట్టుకుని పేరంటానికి వెళ్ళొచ్చు. ఎండలో పెడితే దాని నీడ పడాలా వద్దా అని కాస్సేపు ఆలోచించి పడేది.

అరిగిన చోట అంచు బ్లేడయింది. ఒక ఆదివారం పొద్దున నేను స్నానం చేస్తుంటే మొలతాడుని తెగ్గోసి, సబ్బునీళ్ళ వెంట తూములోంచి బయటికి ప్రయాణం కట్టింది. మా ఇల్లు గాజువాకలో. బాత్రూం నీళ్ళు వెనక సందులోకి పోతాయి. ఆ సందులో మా ఆవిడ దుప్పట్లు జాడిస్తోంది. నేను పెట్టిన కేకకి పక్కింటి కుక్క మంచం కిందికి వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం కంగారు పడలేదు. నురగలో కొట్టుకొచ్చిన ఉంగరం మీద పాదం అడ్డం వేసి ఆపేసింది.

"ఏవండీ, ఇది ఉంగరమా, చీపురుపుల్లా?" అంది, నేను తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాక. "ఇంక మార్పించేయండి. ఏదో రోజు ఇది మిమ్మల్నే కోసేలా ఉంది."

వాళ్ళ నాన్నగారు గోదావరి జిల్లా నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. అందుకని ఆమె మాటలో మర్యాద ఎక్కువ. కోపం వచ్చినప్పుడో సిగ్గేసినప్పుడో మాత్రం మా యాస వచ్చేస్తుంది.

"మార్చడమా?" అన్నాను తువ్వాలు బిగించుకుని. ఆ తర్వాత నేనిచ్చిన ఉపన్యాసం వినడానికి సందులో మనుషులు లేకపోవడం ఈ ఊరి దురదృష్టం. ఇది మామూలు ఉంగరం కాదనీ, పెళ్ళిపీటల మీద బిందెలో నీళ్ళు పోసి ఉంగరం వేస్తే, నువ్వూ నేనూ చేతులు ముంచి వెతుక్కుంటే, పోరాడి గెలిచి నేను పైకి తీసిన ఉంగరమనీ, దీన్ని కరిగిస్తే మన కాపురాన్నే కుంపటిలో వేసినట్టనీ చెప్పాను.

ఆమె అంతా విని, "నురగ కారుతోంది, తల తుడుచుకోండి," అంది.

నల్లదారం ఉండ తెచ్చి కొత్త మొలతాడు పేని, ఉంగరం దానికి గట్టిగా ముడేసి ఇచ్చింది. మిగిలిన ముక్క కత్తిరించి కొంగున ముడి వేసుకుంది.

మర్నాడు మిల్లు క్యాంటీన్లో ఆ ఉపన్యాసాన్ని మళ్ళీ ఇచ్చాను. అసలు నా బిందె కథకి మా మిల్లులో మంచి గిరాకీ. పెళ్ళిలో ఆ బిందె మామూలు ఇత్తడి బిందె. మొదటి ఏడాది చెప్పినప్పుడు గంగాళమైంది. ప్రమోషన్ వచ్చేనాటికి బావి. ఈమధ్య చెప్పినప్పుడు నేను ఉంగరం కోసం డాల్ఫిన్స్ నోస్ కొండ మీదనుంచి సముద్రంలోకి దూకినంత పని చేశాను. ఇప్పుడు దానికి కొత్త ముగింపు దొరికింది: అరిగినా మార్చని భర్త.

"మార్సీ బావా, ఏటవుద్ది? బంగారవేగా, మళ్ళీ కొత్తది అవుద్ది," అన్నాడు ఎప్పుడూ నా పక్కన కూర్చునే దోస్తు.

"మా పాస్టరుగారు ఉంగరానికి మొదలూ సివరా ఉండవంటారు, అన్నా," అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన. ఆయన తన పెళ్ళి ఉంగరం ఇంట్లో బైబిలు పక్కన పెట్టి వస్తాడు.

"నాదానికి సివర వచ్చీసింది, తమ్ముడూ," అన్నాను. టేబులు టేబులంతా నవ్వింది.

ఆ నవ్వు కోసమే నేను బతుకుతాను. అందుకని ఉంగరం సమస్యని తెగనివ్వకుండా సాగదీశాను. మార్చాలా, వద్దా? అతుకు వేయించాలా? వేయిస్తే ఆ అతుకు బంగారం పెళ్ళికి రాని బంగారం కదా, దానికి మన కాపురంలో వాటా ఇవ్వొచ్చా? ఇంట్లో కంచం ముందు ఇదే, బస్సులో ఇదే, ఫోన్లో ఆనందపురంలో ఉన్న మా అక్కతో ఇదే. "ఓరి, అది ఉంగరమా, ఊరేగింపా?" అని మా అక్క ఫోన్ పెట్టేసింది. మా ఆవిడ మాత్రం వినేది. కూర కలియబెడుతూ, బట్టలు మడతపెడుతూ, గేటు తాళం వేస్తూ వినేది.

పెళ్ళిరోజు దగ్గర పడింది. "కొట్టుకెళ్ళి చూపిద్దాం పదండి. అతుకో, కొత్తదో, వాళ్ళు చెప్పింది చేద్దాం. ఈ తగువు తేలిపోవాలి," అందామె. సరే అన్నాను. నిజానికి నాలోపల తీర్పు అయిపోయింది. షాపువాడు కరిగించమంటాడు, నేను ఆవేశంగా వద్దంటాను, కొట్టంతా కళ్ళు తుడుచుకుంటుంది. క్యాంటీన్‌కి ఇంకో నెల సరుకు.

సిటీ బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగాం. నగల షోరూము లోపలికి అడుగు పెడితే కశ్మీరులో పడ్డట్టు చల్లగా ఉంది. కౌంటరు ముందు ఎత్తు కుర్చీల్లో కూర్చున్నాం. మా ఆవిడ చెప్పులు విడిచి కాళ్ళు కుర్చీ కమ్మీ మీద పెట్టుకుంది. కౌంటరు వెనక అమ్మాయి నవ్వి, "పాత ఉంగరం చూపించండి సర్," అంది.

అప్పుడు గుర్తొచ్చింది, ఉంగరం ఎక్కడుందో.

ఇంట్లో విప్పి తెచ్చుకోవాలన్న తెలివి పాతికేళ్ళ అలవాటులో కొట్టుకుపోయింది. లేచి గోడవైపు తిరిగాను. ఆ షోరూములో గోడలన్నీ అద్దాలే. ఏ దిక్కుకి తిరిగినా నేనే. ఒక బెటాలియన్ నేనులు వరసగా నిలబడి చొక్కా ఎత్తి బెల్టు వదులు చేస్తున్నారు. అమ్మాయి గబగబా లేని పనేదో కల్పించుకుని కంప్యూటర్‌లో తల దూర్చింది. తలుపు దగ్గర గార్డు జీతం అవసరం గుర్తొచ్చినట్టు అడుగు ముందుకు వేశాడు. మా ఆవిడ వేసిన ముడి మా మిల్లులో ఇనుపతాళ్ళకి కూడా పడదు. లాగాను, తిప్పాను, కడుపు లోపలికి పీల్చాను. ముడి ఊడింది. ఉంగరం వేళ్ళ సందులోంచి జారి పాలరాతి నేల మీద పడి, టింగుమని, కుర్చీల కిందికి దొర్లిపోయింది.

మోకాళ్ళ మీద పడ్డాను. నా సైజు మనిషి ఆ కుర్చీల కింద దూరడం పోర్టులో పెద్ద ఓడని పక్కకి తిప్పడంలాంటిది. ముందూ వెనకా మనుషులు దారి చూపాలి.

ఎవరివో బూట్లు. ఎవరివో పట్టీలు. ఆ వెనక మా ఆవిడ పాదాలు. కుడి మడమ కింద, కమ్మీ పక్కన, ఉంగరం పడుకుని ఉంది.

చెయ్యి చాపాను. చాపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆమె కుడి కాలి రెండో వేలికి నల్లదారం చుట్టి ఉంది. నా మొలతాటి దారం. దారం సందుల్లో వెండి తీగ ఒకటి మెరుస్తోంది. అది మెట్టె. అరిగి అరిగి తీగై, ఒకచోట తెగింది. తెగిన కొనలు వేలిలో గుచ్చుకోకుండా, చీర అంచుకి పట్టుకోకుండా, పైన దారం చుట్టుకుంది. వేలి పక్కన గీసుకుపోయి మానిన మచ్చ. ఎడమ కాలి మెట్టె తెగలేదు గాని, అదీ రేకై వేలికి అతుక్కుపోయింది.

ఆ పాదాన్ని నేను అంత దగ్గరగా చూసింది పెళ్ళిలోనే. సన్నికల్లు మీద ఆ కాలు పెట్టించి, వంగి, వేలు పట్టుకుని మెట్టె తొడిగింది నేనే. బిందెలో ఉంగరం కథ క్యాంటీన్లో ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు. మెట్టెల కథ ఒక్కసారీ చెప్పలేదు. అందులో నేను గెలిచింది ఏమీ లేదు మరి.

"దొరికిందా?" అని పైనుంచి ఆమె గొంతు, మెల్లగా. "లెగండి. జనం సూత్తన్నారు."

"ఏటిది?" అన్నాను కుర్చీ కిందనుంచే.

"ఏది?"

"కాలికి."

పాదం చటుక్కున వెనక్కి వెళ్ళింది. "మెట్టె. అరిగిపోయింది. దారం చుట్టేను. ముందు మీరు లెగండి."

"ఎన్నాళ్ళయింది?"

"ఇప్పుడదేంటండీ! వెండి కదా, అరుగుతూనే ఉంటాయి, మారుస్తూనే ఉంటాను. మీరు పెట్టినవి పెద్దాడు కడుపులో ఉన్నప్పుడే పోయాయి. ఇది ఎన్నో జతో నాకే గుర్తు లేదు. ఈసారి మీ ఉంగరం గొడవలో పడి మర్చిపోయాను."

నా మీద కోపంతో అనలేదు ఆ మాట. అంటే బాగుండేది. కూరలో ఉప్పు మర్చిపోయానన్నట్టు అంది.

ఆ క్షణంలో పాలరాయి పగిలి, కింద నేల చీలి, నేను అలాగే ఉంగరంతో సహా బంగాళాఖాతంలోకి జారిపోతే ఎంత సుఖంగా ఉండేదో! చీల్లేదు. ద్వారకా నగర్‌లో కట్టుబడి గట్టిది. నా ఉంగరానికి నెలల తరబడి సభలు జరిగాయి. ఆమె మెట్టెలు ఎన్ని జతలు వచ్చాయో, ఎన్ని పోయాయో, ఒక్క జతకీ మా ఇంట్లో ఒక్క మాట ఖర్చు కాలేదు. నా ఉంగరం నా పొట్ట కింద ఊరికే పడుకుని అరిగింది. అవి వంటింటికీ సందుకీ, రేషన్ షాపుకీ ఆసుపత్రికీ నడిచి నడిచి అరిగాయి.

మనిషన్నవాడు అక్కడ నోరు మూసుకోవాలి. నేను నోరు మూసుకునే రకమైతే ఈ కథ ఇక్కడితో కాస్త పరువుగా అయిపోయేది.

పైకి లేచాను. మోకాళ్ళ మట్టి కూడా దులుపుకోలేదు. ఉంగరాన్ని కౌంటరు మీద పెట్టి, షోరూము మొత్తానికి వినబడేలా, "అమ్మాయ్, ఈ ఉంగరం నాకొద్దు. దీన్ని కరిగించి, ఈ బంగారంతోనే మా ఆవిడ కాళ్ళకి మెట్టెలు చెయ్యండి!" అన్నాను.

చప్పట్లు వస్తాయనుకున్నాను. ఏసీ చప్పుడు వచ్చింది.

పక్క కౌంటరులో మనవరాలికి గొలుసు చూస్తున్న ముసలావిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఓరి నాయినా! బంగారం కాళ్ళకెడతావేటి? లచ్చిందేవిని తొక్కించీత్తావేటి?" అంది. మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కౌంటరు అమ్మాయి, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడికి చెప్పినంత ఓపికగా, "మెట్టెలు వెండివే ఉంటాయి సర్," అంది.

నాకు తెలీక కాదు. నడుం కిందికి బంగారం పెట్టకూడదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది. మొలతాడుకి ఉంగరం కట్టినందుకే ఆవిడ నన్ను ఏడాది సాధించింది. కాని ఆ క్షణంలో నాకు కనిపించింది మెట్టె కాదు. మెట్టెలు చేయిస్తున్న నేను. దారం చుట్టిన ఆ వేలు చూసి వచ్చి ఇంకా నిమిషం కాలేదు, అప్పుడే దాన్ని కూడా నా కథలో వేసేసుకున్నాను.

ముసలావిడ మా ఆవిడకేసి తిరిగింది. "పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా?"

మా ఆవిడ చెవుల దాకా ఎర్రబడింది. అయినా నవ్వింది. "ఆయనకి తమాషా అండీ. ఊరికే నవ్వించడానికి అలాగే అంటారు."

అందరూ అమ్మయ్య అన్నట్టు నవ్వేశారు. గార్డు కూడా. నా తెలివితక్కువతనాన్ని నా హాస్యం కింద జమకట్టి ఆమె నన్ను ఒడ్డున పడేసింది. జీవితంలో మొదటిసారి జనం నన్ను చూసి నవ్వుతుంటే తల ఎత్తలేకపోయాను. ఇంతకు ముందు కూడా ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎందరి ఇళ్ళలో ఆమె ఈ మాటతోనే నన్ను కాపాడిందో అప్పుడు ఒక్కొక్కటే గుర్తు రావడం మొదలైంది. "ఆయనకి తమాషా అండీ." నేను అది మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.

ఉంగరం చొక్కా జేబులో వేసుకున్నాను. బస్సులో ఆమెకి సీటు దొరికింది. నేను పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. గాజువాక వచ్చేదాకా నేనేమీ మాట్లాడలేదు. మధ్యలో ఆమె తలెత్తి, "కడుపులో ఏమన్నా తేడాగా ఉందా?" అని అడిగింది. నేను నోరు మూసుకుంటే ఆమెకి తోచేది జబ్బే.

బస్సు దిగి నాలుగు కొట్లు దాటాక ఒక మేడమెట్ల కింద చిన్న వెండి కొట్టు. ఆ కొట్టు ముందునుంచి నేను రోజూ డ్యూటీకి వెళ్తాను. అక్కడో కొట్టుందని నాకు తెలీదు. లోపలున్న పెద్దావిడ మా ఆవిడని చూడగానే, "ఈసారి ఆలీసం సేసేవమ్మా," అని మెట్టెల అట్ట ముందు పెట్టింది. మా ఆవిడ వేలు పెట్టి ఒక జత చూపించింది, గీతలూ పువ్వులూ లేనివి. అంతే. నా ఉంగరం సమస్యకి నెలలు పట్టింది. ఆమె సమస్యకి ఆవులించేంతసేపు పట్టలేదు.

"నేను తొడుగుతాను," అని వంగబోయాను.

"వద్దు," అంది. "మీరు వంగితే మళ్ళీ ఏదో ఒకటి అంటారు. కదలకుండా నిలబడండి చాలు."

నిలబడ్డాను. నా భుజం మీద చెయ్యి వేసి ఒంటికాలి మీద నిలబడి, ముందు ఎడమ కాలిది మార్చుకుంది. అది తొడుక్కున్నాకే కుడి కాలి దారం విప్పింది. రెండు వేళ్ళూ ఒకేసారి బోసిగా ఉండకూడదట. దారం ఊడుతుంటే కింద వేలు తెల్లగా, నానినట్టు ఉంది. ఆమె బరువు నా భుజం మీద ఒకసారి ఎక్కువైంది, ఒకసారి తగ్గింది. తొడుక్కోవడం అయిపోయాక చెయ్యి తీసేసింది.

విప్పిన దారం కొట్టు బయట చెత్తడబ్బాలో పడేసింది. అది తీసి దాచుకుందామా అని నా చెయ్యి లేచింది. దాచుకుంటే దాని మీద కూడా కథ చెబుతానని భయమేసి వదిలేశాను.

ఇంటి గేటు దగ్గర, "మరి ఉంగరం?" అన్నాను.

"అది మీ ఇష్టమండీ," అంది తాళం తీస్తూ. "ఏదైనా సరే, మళ్ళీ నన్ను మాత్రం అడక్కండి."

మార్చలేదు. ప్రేమ వల్ల కాదు. బిందె వల్లా కాదు. ఉంగరం అనే మాట ఆమె ముందు మళ్ళీ ఎత్తడానికి నాకు మొహం లేక. మొలతాడుకే మళ్ళీ కట్టుకున్నాను, ఈసారి ముడి నేనే వేసుకున్నాను. అరిగిన అంచు కూర్చున్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. గుచ్చుకోనిస్తున్నాను.

మొన్న క్యాంటీన్లో దోస్తు అడిగాడు. "ఏటి బావా, ఉంగరం మార్సేవా, లేదా?"

"లేదు."

"సూసేరా? నాను ముందే సెప్పేను, మార్సడని!" అని టేబులు మీద చరిచి, కొత్తగా మిల్లులో చేరినవాళ్ళ వైపు తిరిగాడు. "పెళ్ళాం మీద పేమంటే ఇదిరా. ఒక్కసారి ఆ బిందె కత సెప్పు బావా, ఈళ్ళు ఇన్లేదు."

అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఉంగరం గుచ్చుకుంది.

"టీ సల్లారిపోతంది," అన్నాను. "ముందు తాగండి."